సొంత ఉత్తరమా, బహిరంగ పత్రమా? అమెరికా తొలితరం నేతల లేఖల వెనుక కథ

2026 జూలై 4 అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు నిండే రోజు. ఆ తరం నేతల మాటలు ప్రసంగాల్లో, వీడియోల్లో, కోర్టు వాదనల్లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. వాటిలో చాలావరకు చట్టాల నుంచో పుస్తకాల నుంచో తీసినవి కావు, ఉత్తరాల్లోవి. భార్యకు రాసినవి, స్నేహితుడికి రాసినవి, పడని మనిషి గురించి మూడో మనిషికి రాసినవి. చదివేవారికి ఇక్కడే చిక్కు వస్తోంది. స్వాతంత్ర్య ప్రకటన రాసిన, తర్వాత అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ ఒక ఉత్తరంలో పొగిడిన మనిషిని మరో ఉత్తరంలో తక్కువ చేస్తాడు. ఆయనకు ముందు అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ ఇంటికి రాసేటప్పుడు నవ్వి కొట్టిపారేసిన విషయాన్నే ఓ లాయరుకు రాసేటప్పుడు తీవ్రంగా చర్చిస్తాడు. వీటిలో ఏది అసలు మాట? సొంత ఉత్తరంలోని వాక్యం దేశ విధానానికి ఆధారం అవుతుందా?

క్లుప్తంగా

పద్దెనిమిదో శతాబ్దపు అమెరికాలో సొంత ఉత్తరానికీ బహిరంగ పత్రానికీ మధ్య గట్టి గోడ లేదు. ఉత్తరాలు చేతులు మారుతూ వెళ్లేవి. నలుగురిలో చదివేవారు, నకళ్లు తీసేవారు, శత్రువుకు చిక్కేవి, పత్రికలకెక్కేవి. రాసేవారికి ఇదంతా తెలుసు. అందుకే ఎవరికి, ఎవరి చేత, ఏ ప్రమాదం మధ్య పంపారో తెలియకుండా ఒక వాక్యాన్ని మాత్రమే పట్టుకుంటే అర్థం తారుమారవుతుంది. పైగా ఈ రోజు చేతికందే ఉత్తరాలు ఆ కాలంలో రాసినవన్నీ కావు. ఎవరో దాచగా, ఇంకెవరో కాల్చగా మిగిలినవి.

ఉత్తరం ఎలా వెళ్లేది

అప్పట్లో కవర్లు వాడేవారు కాదు. టపా ఖర్చును కాగితాల లెక్కన, దూరం లెక్కన వేసేవారు. కవరు కూడా మరో కాగితం కిందే లెక్క. కాబట్టి రాసిన కాగితాన్నే మన ఇన్‌లాండ్ లెటర్ మాదిరి మడిచి, బయటి వైపు చిరునామా రాసి, లక్కతో అతికించేవారు. డబ్బు చాలాసార్లు అందుకున్నవారే కట్టాలి. 1792 ఫిబ్రవరిలో వచ్చిన తపాలా చట్టం ప్రకారం ఒక కాగితం ఉత్తరానికి 30 మైళ్ల లోపు 6 సెంట్లు, 450 మైళ్లు దాటితే 25 సెంట్లు. అదే చట్టం వార్తాపత్రికకు 100 మైళ్ల వరకు ఒక్క సెంటు, ఆ పైన ఒకటిన్నర సెంటు పెట్టింది. రాజకీయ సమాచారం ఊరూరా తిరగాలని ప్రభుత్వం కోరుకుంది. దాని భారాన్ని ఉత్తరాలు రాసుకునేవాళ్లే మోశారు.

ఈ వ్యవస్థకు పునాది వేసినవారిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ముఖ్యుడు. 1737లో ఆయన ఫిలడెల్ఫియా పోస్టుమాస్టర్ అయ్యాడు. 1753లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను, విలియం హంటర్‌ను కలిపి వలస రాష్ట్రాలన్నిటి టపాకు అధికారులుగా వేసింది. రహదారులను కొలిపించి, రాత్రివేళ కూడా టపా నడిపించి ఫ్రాంక్లిన్ ప్రయాణ సమయం తగ్గించాడు. 1775 జూలై 26న కాంటినెంటల్ కాంగ్రెస్ తన సొంత టపాను పెట్టుకున్నప్పుడు తొలి పోస్టుమాస్టర్ జనరల్ కూడా ఆయనే. అమెరికా పౌరసత్వ పరీక్షకు తయారవుతున్న తెలుగు కుటుంబాలకు ఇది తెలిసిన సమాధానమే. ఫ్రాంక్లిన్ ఎందుకు ప్రసిద్ధుడన్న ప్రశ్నకు చెప్పదగ్గ జవాబుల్లో ఈ పదవి ఒకటి. స్వాతంత్ర్య ప్రకటనకు ఏడాది ముందే టపాను చేతిలోకి తీసుకున్నారంటే ఆ ఉద్యమం దేని మీద నిలబడిందో అర్థమవుతుంది.

ఇంత ఏర్పాటున్నా రహస్యమైన ఉత్తరాలను నేతలు టపాలో వేయడానికి జంకేవారు. ఆ దారిలో వెళ్తున్న స్నేహితుడి చేతికో, వ్యాపారి చేతికో, ఓడ కెప్టెన్‌కో ఇచ్చేవారు. అందుకే ఆ కాలపు ఉత్తరాల మొదటి వాక్యాల్లో నమ్మకమైన మనిషి దొరికాడనో, దొరకలేదనో తరచూ కనిపిస్తుంది. సముద్రం మీద సంగతి ఇంకా కష్టం. యూరప్‌కు ఉత్తరం చేరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పట్టేది. ఒకే ఉత్తరం నకళ్లను రెండు మూడు వేర్వేరు ఓడల్లో పంపడం మామూలు. జవాబు వచ్చేసరికి ప్రశ్నకు కాలం చెల్లిపోయేది.

దారిలో దొరికిపోతే

1775 జూలైలో ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ సమావేశాల్లో ఉన్న జాన్ ఆడమ్స్ రెండు ఉత్తరాలు రాశాడు. ఒకటి భార్య అబిగైల్‌కు, మరొకటి మసాచుసెట్స్ నాయకుడు జేమ్స్ వారెన్‌కు. బెంజమిన్ హిచ్‌బోర్న్ అనే యువ లాయరు బతిమాలి వాటిని తీసుకెళ్లాడు. నారగాన్సెట్ అఖాతం దాటుతుండగా బ్రిటిష్ నౌకాదళం అతన్ని పట్టుకుంది. ఆగస్టులో ఆ ఉత్తరాలు బోస్టన్‌లో బ్రిటిష్ పక్షపు పత్రికలో అచ్చయ్యాయి.

వారెన్‌కు రాసిన ఉత్తరంలో ఆడమ్స్ పేరు చెప్పకుండా ఒక తోటి ప్రతినిధిని తీసిపారేశాడు. డబ్బు బాగా ఉన్న, బుద్ధి చిన్నదైన ఆ మనిషి తమ పనులన్నిటినీ తెలివితక్కువ పనులుగా మార్చేస్తున్నాడని రాశాడు. అది రాజుతో రాజీకి ప్రయత్నిస్తున్న జాన్ డికిన్సన్ గురించేనని అందరికీ తెలిసిపోయింది. సెప్టెంబరులో ఫిలడెల్ఫియా వీధిలో ఇద్దరూ ఎదురుపడితే ఆడమ్స్ తలవంచి పలకరించాడు. డికిన్సన్ మొహం కూడా తిప్పకుండా వెళ్లిపోయాడని ఆడమ్స్ డైరీలో ఉంది. నష్టం పలకరింపుతో ఆగలేదు. కాంగ్రెస్ పైకి రాజీ అర్జీ పంపుతుంటే లోపల కొందరు సొంత ప్రభుత్వం గురించి ఆలోచిస్తున్నారని బ్రిటన్‌కు రాతపూర్వకంగా దొరికింది.

ఇంతకంటే పెద్ద ఫలితం 1780లో వచ్చింది. హాలండ్‌కు దూతగా బయల్దేరిన హెన్రీ లారెన్స్ ఓడను న్యూఫౌండ్‌లాండ్ దగ్గర బ్రిటిష్ నౌక పట్టుకుంది. ఆయన కాగితాల సంచిని సముద్రంలోకి విసిరేయించాడు. అది మునిగేలోపే నావికులు పైకి లాగారు. అందులో ఆమ్‌స్టర్‌డామ్ వర్తకులతో అనుకున్న ఒప్పందపు చిత్తుప్రతి ఉంది. ఆ ఏడాది డిసెంబరులో బ్రిటన్ హాలండ్‌పై యుద్ధం ప్రకటించినప్పుడు చూపిన కారణాల్లో అదొకటి. లారెన్స్‌ను లండన్ టవర్ జైలులో పెట్టారు.

ఈ భయమే సంకేత లిపులకు దారి తీసింది. జెఫర్సన్, ఆయన మిత్రుడు, రాజ్యాంగ రచనలో ముఖ్యుడు జేమ్స్ మాడిసన్ ఏళ్ల తరబడి మాటలకు, అక్షరాల గుంపులకు అంకెలు వేసుకుని రాసుకున్నారు. ఉత్తరమంతా మామూలు భాషలో ఉండి, మనుషుల పేర్లు, ఘాటైన అభిప్రాయాలు వచ్చే చోట మాత్రం అంకెల వరుస మొదలవుతుంది. చరిత్రకారులకు ఇది బాగా పనికొచ్చింది. రాసిన మనిషి దేన్ని దాచదలచుకున్నాడో కాగితమే చెబుతుంది కదా.

లీకుల రాజకీయం

శత్రువు పట్టుకున్న ఉత్తరాల కంటే సొంతవాళ్లు బయటపెట్టిన ఉత్తరాలు ఎక్కువ గొడవలు తెచ్చాయి. మొదటి పెద్ద ఉదాహరణలో ఫ్రాంక్లిన్ ఉన్నాడు. తర్వాత మసాచుసెట్స్ గవర్నరైన థామస్ హచిన్సన్, అక్కడి మరో అధికారి ఆండ్రూ ఆలివర్ 1760ల చివర్లో లండన్‌లోని రాజకీయ నాయకుడు థామస్ వాట్లీకి రాసిన ఉత్తరాలు 1772లో ఫ్రాంక్లిన్ చేతికొచ్చాయి. ఎవరిచ్చారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. వలస ప్రజల స్వేచ్ఛను కొంత కుదించక తప్పదన్న మాట హచిన్సన్ రాతలో ఉంది. నకలు తీయవద్దు, అచ్చు వేయవద్దు అనే షరతు మీద ఫ్రాంక్లిన్ వాటిని బోస్టన్‌కు పంపాడు. 1773 జూన్‌కల్లా అచ్చయిపోయాయి.

లండన్‌లో లీకు చేసిందెవరన్న అనుమానంతో వాట్లీ తమ్ముడూ, జాన్ టెంపుల్ అనే అధికారీ ద్వంద్వయుద్ధానికి దిగారు. అది మళ్లీ జరిగే పరిస్థితి రావడంతో 1773 క్రిస్మస్ రోజున పంపింది తానేనని ఫ్రాంక్లిన్ పత్రికలో ఒప్పుకున్నాడు. 1774 జనవరి 29న రాజు సలహా మండలి అయిన ప్రివీ కౌన్సిల్ ముందు ప్రభుత్వ న్యాయవాది (సొలిసిటర్ జనరల్) అలెగ్జాండర్ వెడర్‌బర్న్ ఆయనను గంటకు పైగా నిలబెట్టి తిట్టాడు. ఇకమీదట జనం ఈ మనిషిని చూస్తే కాగితాలు దాచుకుని, బల్లలకు తాళాలు వేసుకుంటారన్నాడు. వెంటనే ఫ్రాంక్లిన్ పోస్టల్ పదవి పోయింది. టపా అధికారిగా పరుల ఉత్తరాలను కాపాడాల్సినవాడు ఇలా చేయవచ్చా అన్న ప్రశ్న న్యాయమైనదే. ప్రభుత్వ పదవుల్లో ఉన్నవారు ప్రభుత్వ విషయాలపై రాసినవి సొంత ఉత్తరాలు కావన్నది ఫ్రాంక్లిన్ వాదన. ఈ రెండు వాదాల మధ్య గొడవ ఆ తరమంతా తెగలేదు.

జెఫర్సన్ వంతు 1797లో వచ్చింది. అంతకుముందు ఏడాది ఏప్రిల్‌లో ఇటలీలోని పాత స్నేహితుడు ఫిలిప్ మజ్జేయికి రాసిన ఉత్తరంలో, యుద్ధంలో బైబిల్లోని బలశాలి సమ్సోనులాంటివారు, సలహాలో జ్ఞాని సొలొమోనులాంటివారు కొందరు ఇంగ్లండ్ మాయలో పడిపోయారని రాశాడు. ఆ మాట జార్జ్ వాషింగ్టన్‌కు తగులుతుందని చదివినవారంతా అనుకున్నారు. ఉత్తరం ఇటాలియన్‌లోకి, దాన్నుంచి ఫ్రెంచిలోకి మారి పారిస్ పత్రికలో వచ్చింది. అక్కడి నుంచి మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్చి 1797 మేలో నోవా వెబ్‌స్టర్ న్యూయార్క్‌లోని తన పత్రికలో వేశాడు. అప్పటికి జెఫర్సన్ ఉపాధ్యక్షుడు. మూడు భాషలు తిరిగి వచ్చిన ఆ పాఠంలో తేడాలున్నాయి. అయినా అసలు భావం తనదే కాబట్టి ఆయన ఖండించలేకపోయాడు. ఒప్పుకుంటే వాషింగ్టన్‌తో బహిరంగ తగువు. ఏం చేయాలని మాడిసన్‌ను అడిగి, చివరికి నోరు మెదపకుండా ఉండిపోయాడు. ఆ తర్వాత 1799 డిసెంబరులో చనిపోయే వరకు వాషింగ్టన్ జెఫర్సన్‌కు మళ్లీ ఉత్తరం రాయలేదు.

ఈ వరసలో అన్నిటికంటే విషాదమైనది అమెరికా తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ మరణం. 1804 ఏప్రిల్‌లో చార్లెస్ కూపర్ అనే డాక్టరు రాసిన ఉత్తరం ఆల్బనీ పత్రికలో అచ్చయింది. ఒక విందులో ఆరన్ బర్ గురించి హామిల్టన్ అన్న మాటలతో పాటు, 'ఇంకా నీచమైన అభిప్రాయం' కూడా ఆయన చెప్పాడని అందులో ఉంది. ఆ అభిప్రాయం ఏమిటో రాయలేదు. అప్పటికి ఉపాధ్యక్షుడైన బర్ జూన్ 18న సంజాయిషీ అడుగుతూ ఉత్తరం పంపాడు. ఇంకొకరు నా మాటల్ని ఎలా అర్థం చేసుకున్నారో దానికి నేను జవాబుదారీ కానన్నట్టుగా హామిల్టన్ లాయరు భాషలో సుదీర్ఘంగా బదులిచ్చాడు. ఉత్తరం మీద ఉత్తరం నడిచింది, ఒక్కోదానితో రాజీకి దారి మూసుకుపోతూ వచ్చింది. జూలై 11న న్యూజెర్సీలోని వీహాకెన్‌లో జరిగిన ద్వంద్వయుద్ధంలో బర్ తూటా తగిలి హామిల్టన్ మరునాడు చనిపోయాడు. ముఖాముఖిగా కూర్చుని ఉంటే తేలిపోయేదేమో చెప్పలేం. రాతలో పెట్టిన ప్రతి మాటా సాక్ష్యమే అయినచోట మాత్రం వెనక్కి తగ్గడం ఇద్దరికీ కష్టమైంది.

కాగితం మీద కట్టిన దేశం

లీకుల కథలు ఆసక్తిగా ఉంటాయి గానీ ఉత్తరాల అసలు పని వేరు. 1772 నవంబరులో సామ్యూల్ ఆడమ్స్ చొరవతో బోస్టన్ పట్టణ సభ 21 మందితో ఉత్తరాల కమిటీ వేసింది. మసాచుసెట్స్‌లోని పట్టణాలన్నిటికీ తమ ఫిర్యాదులు రాసి పంపడం, జవాబులు సేకరించడం దాని పని. 1773 మార్చిలో వర్జీనియా సభ వలసల మధ్య ఇలాంటి కమిటీలు ఉండాలని తీర్మానించింది. ఒకరినొకరు ఎప్పుడూ చూడని మనుషులు ఒకే మాట మీదకు రావడానికి ఈ కమిటీలే దారి వేశాయి. 1774 సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ కూడేనాటికి సభ్యులు చాలామందికి ఒకరి వాదన ఒకరికి ముందే తెలుసు.

రాజ్యాంగం విషయంలోనూ ఇదే. 1787లో అది తయారైనప్పుడు జెఫర్సన్ పారిస్‌లో రాయబారి. అక్టోబరు 24న మాడిసన్ ఆయనకు పొడవైన ఉత్తరంతో పాటు కొత్త రాజ్యాంగాన్ని పంపాడు. డిసెంబరు 20న జెఫర్సన్ నచ్చినవి, నచ్చనివి విడివిడిగా రాసి, పౌరహక్కుల పట్టిక లేకపోవడాన్ని పెద్ద లోపంగా ఎత్తి చూపాడు. కాగితం మీద రాసుకున్న హక్కులను మెజారిటీ ఎప్పుడైనా తొక్కేయగలదని మాడిసన్ 1788 అక్టోబరులో తన సందేహం చెప్పాడు. హక్కులు రాసి ఉంటే వాటిని కాపాడే బలం న్యాయస్థానాలకు వస్తుందని 1789 మార్చిలో జెఫర్సన్ బదులిచ్చాడు. జూన్ 8న మాడిసన్ సభలో సవరణలు ప్రతిపాదిస్తూ స్వతంత్ర న్యాయస్థానాలు ఈ హక్కులకు కాపలాగా ఉంటాయన్నాడు. సవరణలకు జెఫర్సన్ ఒక్కడే కారణం కాదు, చాలా రాష్ట్రాలు వాటిని గట్టిగా అడిగాయి. అయినా సముద్రానికి అటూ ఇటూ నెలల తేడాతో సాగిన ఒక వాదన ఒక మనిషి అభిప్రాయాన్ని కదిలించిన తీరు ఇందులో తేదీలతో సహా కనిపిస్తుంది.

అబిగైల్ ఉత్తరాల విలువ

జాన్, అబిగైల్ ఆడమ్స్ మధ్య నడిచిన ఉత్తరాల్లో 1,100కు పైగా మిగిలాయి. మొదటిది 1762లో, పెళ్లికి రెండేళ్ల ముందు, ఆయన ముద్దుల బాకీ అడుగుతూ సరదాగా రాసినది. 1774 నుంచి దాదాపు పదేళ్లు ఆయన ఫిలడెల్ఫియాలో, తర్వాత యూరప్‌లో ఉన్నాడు. ఆమె మసాచుసెట్స్‌లోని బ్రెయిన్‌ట్రీలో పిల్లల్నీ పొలాన్నీ చూసుకుంటూ ఉండిపోయింది. ఉత్తరాలకు పోర్షియా అని సంతకం చేసేది. రోమన్ నేత బ్రూటస్ భార్య పేరు అది. దేశం కోసం భర్త వెళ్లిపోగా ఇంటిని మోసే భార్య అనే గౌరవం అందులో ఉంది.

ఆమె 1776 మార్చి 31 నాటి ఉత్తరం నుంచి ఆడవాళ్లను గుర్తుంచుకోండి అన్న వాక్యం ప్రపంచమంతా తిరిగింది. వీలు దొరికితే మగవాళ్లంతా నిరంకుశులే అవుతారని కూడా ఆమె అందులోనే రాసింది. ఉత్తరం మొత్తం చదివితే ఇంకా చాలా ఉంది. తోటి మనుషుల స్వేచ్ఛను లాక్కునే అలవాటున్న వర్జీనియావారికి స్వేచ్ఛ మీద అంత ప్రేమ నిజంగా ఉంటుందా అన్న ప్రశ్న ఉంది. బోస్టన్ నుంచి బ్రిటిష్ సైన్యం వెళ్లిపోయాక ఇల్లు ఎలా ఉందో, మశూచి భయం ఎలా ఉందో ఉంది. ఇంటి కబురు, దేశ రాజకీయం ఒకే కాగితం మీద పక్కపక్కనే నడిచాయి.

ఏప్రిల్ 14న జాన్ జవాబు రాస్తూ ఆమె కొత్త చట్టాల కోరికకు నవ్వొస్తోందన్నాడు. ఈ ఒక్క జవాబు చూస్తే ఆయన దాన్ని పట్టించుకోలేదనిపిస్తుంది. మరో రెండు ఉత్తరాలు పక్కన పెడితే చిత్రం మారుతుంది. ఏప్రిల్ 27న అబిగైల్ తన స్నేహితురాలు, రచయిత్రి మర్సీ ఓటిస్ వారెన్‌కు ఈ సంగతంతా రాసి, ఇద్దరం కలిసి కాంగ్రెస్‌కు అర్జీ పెడదామా అని అడిగింది. మే 26న జాన్, మసాచుసెట్స్ లాయరు జేమ్స్ సలివాన్‌కు రాస్తూ ఓటుకు ఆస్తి అర్హత తీసేస్తే ఆగే చోటు ఉండదనీ, ఆడవాళ్లు కూడా ఓటు అడుగుతారనీ హెచ్చరించాడు. భార్యకు సరదాగా కొట్టిపారేసిన వాదన ఎంత బలమైనదో ఆయనకు బాగా తెలుసు. ఓటు ఇవ్వకూడదన్న నిర్ణయంతోనే ఆయన ఆ వాదనను గుర్తుపెట్టుకున్నాడు. ఒకే ఉత్తరం నుంచి మనిషి అభిప్రాయం తీయడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

ఈ ఉత్తరాల్లో డబ్బు సంగతులూ చాలా ఉన్నాయి. జాన్ యూరప్ నుంచి పంపిన సరుకులను అబిగైల్ బంధువుల ద్వారా అమ్మించేది. ఆయన భూములు కొనమంటే ఆమె ప్రభుత్వ బాండ్ల వైపు మొగ్గింది, అందులో లాభపడింది. పెళ్లయిన ఆడదానికి చట్టం సొంత ఆస్తి ఇవ్వని కాలం అది.

ఫ్రాంక్లిన్ చెల్లెలు జేన్ మెకమ్ ఉత్తరాలు మరో ముఖం చూపిస్తాయి. అన్న దేశాలు తిరిగి పేరు తెచ్చుకుంటే చెల్లెలు బోస్టన్‌లో 12 మంది పిల్లల్ని కని, వాళ్లలో చాలామందిని పోగొట్టుకుని బతికింది. తన అక్షర దోషాలకు ఆమె సిగ్గుపడేది. పలికినట్టు రాసే తప్పు స్పెల్లింగే మేలని 1786లో 80 ఏళ్ల అన్న ఆమెను ఓదార్చాడు. ఆయన ఎక్కువ ఉత్తరాలు రాసింది ఈ చెల్లెలికే.

పదకొండేళ్ల మౌనం

1801 మార్చి 4 తెల్లవారుజామున జాన్ ఆడమ్స్ కొత్త అధ్యక్షుడు జెఫర్సన్ ప్రమాణస్వీకారం చూడకుండా వాషింగ్టన్ వదిలి వెళ్లాడు. ఆ తర్వాత పదకొండేళ్లు ఇద్దరి మధ్య స్నేహపు ఉత్తరాలు లేవు. మధ్యలో 1804లో జెఫర్సన్ చిన్న కూతురు చనిపోయినప్పుడు అబిగైల్ పరామర్శ రాసింది. దాని మీద కొన్ని ఉత్తరాలు నడిచి, రాజకీయ ఫిర్యాదుల దగ్గర ఆగిపోయాయి. ఇదంతా తనకు అప్పుడు తెలియనే తెలియదని జాన్ తర్వాత ఆ కాగితాలపై రాసి పెట్టాడు.

ఇద్దరికీ మిత్రుడైన డాక్టరు బెంజమిన్ రష్ మధ్యవర్తిగా నిలిచాడు. మీరిద్దరూ మళ్లీ ఉత్తరాలు రాసుకున్నట్టు కల వచ్చిందని 1809లో ఆడమ్స్‌కు రాశాడు. చివరకు 1812 జనవరి 1న ఆడమ్స్ చిన్న ఉత్తరం పంపుతూ, ఇంట్లో నేసిన రెండు బట్టముక్కలు వేరుగా వస్తున్నాయని రాశాడు. ఆ మాటతో ఆయన చెప్పింది కొడుకు జాన్ క్విన్సీ ఆడమ్స్ రాసిన రెండు సంపుటాల గురించి. ఉత్తరం ముందు చేరింది, పుస్తకాల పొట్లం వెనకబడింది. దాంతో జెఫర్సన్ నిజంగా బట్ట గురించే అనుకుని, వర్జీనియాలో ఇళ్లల్లో నేత ఎలా సాగుతోందో వివరంగా జవాబు రాసేశాడు. పొట్లం అందాక సంగతి తెలిసి మళ్లీ రాశాడు.

అక్కడి నుంచి 1826 వరకు 158 ఉత్తరాలు నడిచాయి. వాటిలో 109 ఆడమ్స్‌వి, 49 జెఫర్సన్‌వి. ఒకరికొకరం అర్థమయ్యేలా చెప్పుకోకుండా చనిపోకూడదని 1813లో ఆడమ్స్ రాశాడు. ఫ్రెంచి విప్లవం, మతం, వృద్ధాప్యం, గ్రీకు పుస్తకాలు, ఎవరిది పుట్టుగొప్ప, ఎవరిది ప్రతిభ అన్న చర్చ, అన్నీ వచ్చాయి. ఇవి ఎప్పుడో అచ్చవుతాయని ఇద్దరికీ తెలుసు, కాబట్టి పూర్తిగా గుండె విప్పిన మాటలని కూడా అనలేం. అయితే ఈ స్నేహం గట్టిదని 1823లో తేలింది. ఆడమ్స్ కోపంగా ఉన్న రోజుల్లో జెఫర్సన్‌ను తిడుతూ బంధువు విలియం కన్నింగ్‌హామ్‌కు రాసిన ఉత్తరాలను, జాన్ క్విన్సీ అధ్యక్ష ఎన్నికల అవకాశాలను దెబ్బతీయడానికి అచ్చు వేశారు. జెఫర్సన్ వెంటనే అక్టోబరు 12న ఆడమ్స్‌కు రాస్తూ, యాభై ఏళ్ల స్నేహాన్ని చెడగొట్టాలని చేసే ఈ పనులను తాను లెక్కచేయనని ధైర్యం చెప్పాడు. 1797లో లీకు దెబ్బ తిన్నవాడే 1823లో లీకును పక్కన పెట్టాడు. ఇద్దరూ 1826 జూలై 4న, కొన్ని గంటల తేడాతో చనిపోయారు.

మిగిలినవి, కాలిపోయినవి

ఇవన్నీ మన వరకు రావడం యాదృచ్ఛికం కాదు. 1776 జూన్‌లో జాన్ ఆడమ్స్ నకళ్ల కోసం పెద్ద పుస్తకం కొని, నా ఉత్తరాల కంటే నీవే దాచదగ్గవని అబిగైల్‌కు రాశాడు. ఆమె మాత్రం తనవి కాల్చేయమని అడిగేది. వాషింగ్టన్ 1781లో రిచర్డ్ వారిక్ అనే అధికారిని పెట్టి యుద్ధకాలపు పత్రాలకు నకళ్లు రాయించాడు. జెఫర్సన్ 1780లలో జేమ్స్ వాట్ కనిపెట్టిన నకలు యంత్రం వాడాడు. 1804 నుంచి ఒక కలం కదిలితే రెండో కలం అదే రాసే పాలీగ్రాఫ్‌కు మారాడు. ఆయన జీవితంలో రాసిన ఉత్తరాలు సుమారు 19,000. పంపినవీ అందినవీ నమోదు చేసిన పట్టీయే 656 పేజీలుంది.

అదే జెఫర్సన్ తన భార్యతో నడిచిన ఉత్తరాలు ఒక్కటీ మిగల్చలేదు. మార్తా వాషింగ్టన్ కూడా భర్తతో నడిచిన ఉత్తరాలను కాల్చేసింది, ఏవో కొన్ని మాత్రం తప్పించుకున్నాయి. హామిల్టన్ భార్య ఎలిజా దశాబ్దాల పాటు భర్త కాగితాలు సేకరించింది, తాను ఆయనకు రాసినవి మాత్రం ఉంచలేదు. దీంతో చరిత్రలో ఆడమ్స్ దాంపత్యం అందరికీ తెలిసింది, వాషింగ్టన్ దాంపత్యం మూసిన తలుపు వెనకే ఉండిపోయింది. అచ్చువేసినవాళ్లూ చేయి పెట్టారు. జూలై 2ను దేశం పండుగలా జరుపుకుంటుందని జాన్ ఆడమ్స్ 1776 జూలై 3న రాస్తే, పండుగ 4వ తేదీకి మారాక ఉత్తరం తేదీని 5గా దిద్ది అచ్చువేసిన సందర్భం ఉంది.

రాయడమే రానివ్వని మనుషుల సంగతి ఇంకా పెద్ద ఖాళీ. జెఫర్సన్ జీవితకాలంలో 600కు పైగా మనుషులను బానిసలుగా ఉంచుకున్నాడు. వాళ్లు రాసిన ఉత్తరాలు మిగిలినవి చాలా తక్కువ. వాటిలో ఒకటి 1818 నవంబరులో జెఫర్సన్ మరో ఎస్టేట్ పాప్లర్ ఫారెస్ట్ నుంచి అక్కడి బానిస మహిళ హన్నా రాసినది. ఇల్లు, సామాను క్షేమమని, ఆయన ఒంట్లో బాగాలేదని విన్నానని, దేవుణ్ని నమ్ముకోమని ఉంటుంది. స్వేచ్ఛ ఉన్న నల్లజాతి గణితజ్ఞుడు బెంజమిన్ బానెకర్ 1791 ఆగస్టులో తన పంచాంగపు రాతప్రతితో పాటు పంపిన ఉత్తరంలో, స్వాతంత్ర్య ప్రకటనలోని జెఫర్సన్ మాటలనే ఆయనకు తిరిగి చూపి బానిసత్వం గురించి నిలదీశాడు. జెఫర్సన్ పదకొండు రోజుల్లో మర్యాదగా జవాబిచ్చాడు. బానెకర్ రెండింటినీ అచ్చు వేయించాడు. 1809లో జెఫర్సన్ మరొకరికి సొంతంగా రాస్తూ బానెకర్ది చాలా మామూలు బుద్ధి అని తేల్చేశాడు. అచ్చుకెక్కుతుందని తెలిసి రాసినదానికీ, ఎక్కదనుకుని రాసినదానికీ తేడా ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

ఇప్పటి కోర్టుల్లో, ఫోన్లలో

1802 జనవరి 1న అధ్యక్షుడిగా జెఫర్సన్ కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకు రాసిన ఉత్తరంలో మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ అన్న మాట ఉంది. రాజ్యాంగంలో ఆ మాట లేదు. 1879లో ఒకసారి, 1947లో మరోసారి అమెరికా సుప్రీంకోర్టు దాన్ని తీర్పుల్లో వాడింది. అప్పటి నుంచి అది మర్యాదకు రాసిన జవాబా, ఆలోచించి చెప్పిన విధానమా అన్న వాదన నడుస్తూనే ఉంది. చిత్తుప్రతి కొంత సమాధానం చెబుతుంది. పంపేముందు జెఫర్సన్ దాన్ని అటార్నీ జనరల్ లీవై లింకన్‌కు, పోస్టుమాస్టర్ జనరల్ గిడియన్ గ్రాంజర్‌కు చూపాడు, కొన్ని వాక్యాలు కొట్టేశాడు. సిరా పూసిన ఆ వాక్యాలను 1998లో ఎఫ్‌బీఐ ల్యాబ్ చదవగలిగింది. ఇంత జాగ్రత్తగా దిద్దినది మామూలు సొంత ఉత్తరం కాదు. అలాగని సభ ఆమోదించిన చట్టమూ కాదు.

ఫోన్లలో తిరిగే కొటేషన్ల సంగతి ఇంకా తేలిక. తక్కువ పాలించే ప్రభుత్వమే మేలన్న వాక్యం జెఫర్సన్ పేరుతో ఏళ్లుగా తిరుగుతోంది, ఆయన రాతల్లో అది లేదు. ఇలాంటివి చూసుకోవడానికి అమెరికా జాతీయ ఆర్కైవ్స్ 2013లో ఫౌండర్స్ ఆన్‌లైన్ అనే ఉచిత వెబ్‌సైట్ తెరిచింది. అందులో 1,80,000కు పైగా పత్రాలున్నాయి. ఉత్తరం, దానికి జవాబు, ఎక్కడి నుంచి రాశారు, దారిలో ఏమైంది అన్న వివరాలు ఒకేచోట దొరుకుతాయి. ఆ కట్టలకు పేర్లు మాత్రం వాషింగ్టన్, ఆడమ్స్, జెఫర్సన్, మాడిసన్, హామిల్టన్, ఫ్రాంక్లిన్, జాన్ జే అనే ఏడుగురివి. జేన్ మెకమ్‌ను వెతకాలన్నా అన్న కాగితాల్లోనే వెతకాలి.